మ్యాప్ సర్వర్‌కి ఇంకో మనిషి

సౌదీలోని మా తబూక్ ఆఫీసులో మ్యాప్ సర్వర్ పని నా ఒక్కడికే తెలుసు. పెద్ద పెద్ద పొలాల ఉపగ్రహ చిత్రాలు వచ్చినప్పుడల్లా, అందరి కంప్యూటర్లలో కనిపించేలా సర్వర్‌లోకి ఎక్కించేవాణ్ణి. నా భార్య పురుటి సమయానికి ఇంటికెళ్లాలని, దేశం దాటి వెళ్లి మళ్లీ రావడానికి కంపెనీ ఇప్పించాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా అడిగాను.

“నువ్వెళ్తే సర్వర్ ఎవరు చూస్తారు హబీబీ? ముందు ఇంకొకరికి నేర్పు,” అన్నాడు మేనేజర్.

పక్క సీటు పాకిస్తానీ మిత్రుడికి ఓపిగ్గా అంతా నేర్పి, సంబరంగా మళ్లీ మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

“అతను నీకంటే ముందే సెలవడిగాడు. వెళ్లి రానీ. సర్వర్‌కి నువ్వున్నావుగా!” అన్నాడు.

“మాఫ్ కరో భాయ్,” అన్న మిత్రుణ్ణి ఎయిర్‌పోర్టులో నేనే దింపాను.

అతను తిరిగి రాకముందే ఇంటినుంచి ఫోనొచ్చింది.

“ఆడపిల్ల పుట్టింది. ఎప్పుడొస్తవ్ బిడ్డా?” అంది అత్తమ్మ.

“సర్వర్‌కి ఇంకో మనిషి రాగానే,” అన్నాను, కొత్త చిత్రాలు ఎక్కిస్తూనే. చివరికి నాకు సెలవు దొరికి పాపను ఎత్తుకునేసరికి దానికి నడక వచ్చేసింది.