జీపు బయట, తాళం షెడ్డుకు

ఈ రోజు పొద్దున నంద్యాలలో మా చిన్నాయన జీపు చలికి స్టార్ట్ కాలేదు. ఆళ్లగడ్డ పోదామని ఎక్కిన మా వీధి కానిస్టేబులూ నేనూ దిగి తోశాం.

జీపు కోసం కట్టిన రేకుల షెడ్డులో చిన్నాయన ఈ చలికాలం గంజాయి మొక్క పెంచుతున్నాడు. ఎద్దులకు మందంటాడు. మంచుకు వాడిపోతుందని దాన్ని లోపల పెట్టి, జీపును బయట వదిలేశాడు.

తోస్తూనే కానిస్టేబుల్ అడిగాడు. "జీపు మంచులో నానుతాంటే ఖాళీ షెడ్డుకు తాళమేంటికన్నా?"

స్టీరింగ్ పట్టుకున్న చిన్నాయన "ఇంకా గట్టిగా తోయండి" అని అరిచాడు.

"రేపు మా ఎస్సై ఈ వీధికే వస్తాండాడు. జీపు లోపల పెట్టుకో."

సాయంత్రానికి జీపు షెడ్డులోకి చేరింది. చిన్నాయన కంబళి గడ్డివాము వెనక ఆ మొక్క మీద ఉంది. ఆయన వాకిట్లో వణుకుతూ కూర్చున్నాడు. మీ ఇళ్లలో చలికి కంబళి ముందు ఎవరికి కప్పుతారు?