తినడం కాదు, నోట్లో వేసుకోవడం

మా వైపు తినడమంటే అన్నం తినడమే. పొద్దున్నే ఇడ్లీలు మింగి, పదకొండింటికి పకోడీల పొట్లం ఖాళీ చేసి, మధ్యాహ్నం కంచం ముందు మాత్రం కూర్చోని మనిషిని "తిన్నావేటి?" అని అడిగి చూడండి. "ఏటీ తిన్లేదు" అంటాడు. అబద్ధమాడానని అతనికి తోచను కూడా తోచదు. ఇడ్లీలూ పకోడీలూ నోట్లో వేసుకున్నాడు, అంతే. టెక్కలిలో కాలేజీ పిల్లలకు ఏళ్ల తరబడి తెలుగు చెబుతున్నదాన్ని, ఈ రెండు క్రియలకూ తేడా నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? తెలిసి నేనేం వెలగబెట్టానన్నది వేరే సంగతి.

నెలకో ఆదివారం, టెక్కలిలోనే ఒక చర్చి వెనక సండే స్కూలు గదిలో మేం కలుస్తాం. మేమంటే లావు తగ్గడానికి కడుపు కోయించుకున్నవాళ్లం. విశాఖపట్నం వెళ్లి, సంచి లాంటి కడుపును కోయించి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టించుకుని వచ్చిన బాపతు. ఆ గది ఇప్పించినావిడ రిటైరైన నర్సు, తనూ కోయించుకున్నావిడే. అందరం సిస్టరమ్మ అంటాం. ఆ గదిలో ఉన్నవి చిన్నపిల్లల కుర్చీలు. పెద్ద కుర్చీలు తెప్పించొచ్చు కదా అని మొదట్లో అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. చిన్న కుర్చీలో ఇముడుతున్నామని ఒకరికొకరు చూపించుకోవడమే వాళ్లకు సగం పండగ.

వాళ్లంటే నాకు లోకువ. దాచుకోవడం దేనికి? రావివలస నుంచి ఒక రియల్ ఎస్టేటాయన వస్తాడు. ప్రతిసారీ ఫోన్ తీసి తన పాత ఫొటో అందరికీ చూపిస్తాడు. "అప్పుడు సూడండి, ఇప్పుడు సూడండి" అంటాడు. చూస్తూనే ఉన్నాం. అప్పటికీ ఇప్పటికీ తేడా ప్రతి ఏడూ తగ్గుతూ వస్తోంది, ఆయన గర్వం మాత్రం చెక్కు చెదరడం లేదు. పలాస నుంచి ఒకావిడ వస్తుంది, జీడిపప్పు కొట్టు వాళ్లది. ఆవిడ గాజులు గలగలలాడిస్తూ అందరి మాటలకూ నవ్వుతుంది, నవ్వాల్సిన చోటా, నవ్వకూడని చోటా. సిస్టరమ్మ ఒక్కొక్కరినీ అడుగుతుంది: "ఈ నెల ఏటి తిన్నారు?" ఒక్కొక్కరూ లేచి, గరిటెడు అన్నమనీ, అదీ వదిలేశామనీ చెబుతారు. మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. గరిటెడు అన్నం తిననందుకు చప్పట్లు. మా కాలేజీలో ఫస్టు ర్యాంకు పిల్లకు కూడా అంత మోత మోగదు.

ఆ చప్పట్లలో నా చేతులూ ఉండేవి. అదీ చెప్పాలి.

ఎందుకు వెళ్తున్నానంటే, భయమేసి. ఆపరేషనైన మొదటి రెండేళ్లు నా ఒళ్లు మంచులా కరిగింది. షుగర్ మాత్రలు మానేశాను. మోకాళ్లు నా మాట వినడం మొదలుపెట్టాయి. బస్సులో నా పక్కన కూర్చోవడానికి మనుషులు వెనకాడడం మానేశారు. తర్వాత మెల్లగా, ఎవరికీ కనబడకుండా, నాకు మాత్రం జాకెట్ల దగ్గర తెలిసేలా, ఒళ్లు తిరిగి రావడం మొదలైంది. లోపలికి పట్టించి కుట్టించుకున్న జాకెట్లను బ్లేడు పెట్టి నేనే ఒక్కో కుట్టూ విప్పుకున్నాను. బరువు పాత చోటికి చేరితే షుగరూ తిరిగొస్తుందనీ, ఇంకోసారి కోయడం మొదటిసారంత తేలిక కాదనీ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆ గదిలో చెప్పలేదు. వాళ్ల ముందా? ఫొటోల ఆయన ముందా?

ఇక మా ఊరి సంగతి. ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా, కొబ్బరీ జీడీ తోటల మధ్య ఉంటుంది. అక్కడ మనిషి చిక్కితే అర్థం ఒకటే. డైటింగ్ అనీ వాకింగ్ అనీ ఎవరూ అనుకోరు. కిడ్నీ అనుకుంటారు. ఇంటికొకరు చొప్పున పోయిన చోట అలా అనుకోక ఎలా అనుకుంటారు? ఆపరేషనైన కొన్నాళ్లకు ఒక గృహప్రవేశానికి వెళ్తే, మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"ఒలే గుంటా, ఏటిలా సిక్కిపోనావు? నీకూ వొచ్చినాదేటే?"

'నీకూ' అన్న ముక్క నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయని ఆ వారమే చెప్పారట.

"లేదు పిన్నీ, చిన్న ఆపరేషనయింది" అన్నాను.

అంతే, చాలు. చిక్కింది, ఆపరేషనయింది. సాయంత్రానికల్లా ఊళ్లో నాకు కిడ్నీ జబ్బు ఖాయమైపోయింది. అరుగుల మీద కూర్చునే పెద్దమనుషులు నన్ను చూసి నాలుక చప్పరించారు. నేను దిద్దలేదు. దిద్దితే ఏం చెప్పాలి? తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకున్నాననా? ఆ మాట విన్నాక వాళ్లు నన్ను ఎలా చూస్తారో నాకు తెలుసు, నేను మిగతావాళ్లను అలాగే చూస్తాను కాబట్టి. అంతకంటే జాలి నయమనిపించింది.

ఒళ్లు తిరిగి రావడం మొదలయ్యాక ఊరు సంబరపడింది. నిజంగానే సంబరం. "ఒళ్లు సేసినావమ్మా, దేవుడు సల్లగా సూసినాడు" అని వీధి వీధంతా. నేను పాడైపోతుంటే బాగుపడుతున్నానని పొగిడిన జనాన్ని ఇంకెక్కడా చూడలేదు. అందరికంటే ఎక్కువ సంతోషించింది పిన్ని. అప్పటికి వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటోంది. చేతి మీద నరాలు తాడులా ఉబ్బి ఉండేవి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, బుగ్గలు తడిమి, "నువ్వు లేసి తిరగతన్నావు. నానూ లేత్తాను" అనేది.

ఆ తర్వాత డబ్బా తెచ్చేది. వాళ్ల తోటలో జీడిపిక్కలు పెరట్లో కాల్చి, తనే కొట్టి తీసిన పప్పు. ఆ చేతులతో, ఆ ఓపికతో. "నాకియి తినకూడదంట. నువ్వు తింతే సూత్తాను" అనేది. నేను తినేదాన్ని. కాదు, నోట్లో వేసుకునేదాన్ని. ఆవిడ నా దవడలు ఆడుతుంటే చూస్తూ కూర్చునేది, సగం డయాలసిస్ నా నోట్లోనే జరుగుతున్నట్టు. మిగిలినవి మూట కట్టి ఇచ్చేది. టెక్కలిలో పేపర్లు దిద్దుతూ ఉంటే ఎడమ చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్లేది. కోసి కుట్టిన కడుపు అన్నానికి మొరాయిస్తుంది గానీ జీడిపప్పుకు దారి ఇస్తుంది. మెత్తగా జారిపోతుంది. పిన్ని మనసు కష్టపెట్టలేక తింటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి ఎంతో బాగుండేది.

ఈమధ్య ఒక ఆదివారం సండే స్కూలు గదిలోకి వెళ్లేటప్పుడు బుగ్గలో ఒక జీడిపప్పు బద్ద ఉంది. నమిలితే చప్పుడవుతుందని నానబెడుతున్నాను. రియల్ ఎస్టేటాయన లేచి, ఫొటో చూపించి, "ఒక్క ముద్ద అన్నం, అంతే సిస్టరమ్మా" అన్నాడు. ఆయన చొక్కా గుండీలు ఒకదానికొకటి దూరంగా జరిగి లోపలి బనీను కనబడుతోంది. అందరం చప్పట్లకు చేతులెత్తాం. సిస్టరమ్మ మాత్రం ఎత్తలేదు. ఆవిడ కూడా విసిగిపోయిందని అప్పుడు తెలిసింది.

"అన్నం సంగతి ఒగ్గీండి" అంది. "అన్నం ఎవులూ తినట్లేదు, నాకూ తెలుసు. నోట్లో ఏటేసుకున్నారో సెప్పండి."

చిన్న కుర్చీల్లో పెద్ద మనుషులం, హోంవర్క్ చేయని పిల్లల్లా తలలు దించుకున్నాం. సిస్టరమ్మ నా వైపు తిరిగింది.

"మేడమ్, మీరు సెప్పండి. మాటలు తెలిసినోరు."

నోరు తెరవలేకపోయాను. పక్కన కూర్చున్న పలాస ఆవిడ నా బుగ్గ చూసింది. నవ్వలేదు. తన చేతిరుమాలు తీసి నా గడ్డం కింద పట్టింది.

"ఉమ్మీండి మేడమ్."

ఉమ్మేశాను. ఆవిడ రుమాల్లోకి తొంగి చూసింది. తన సరుకు కదా మరి, చూడకుండా ఉండలేదు.

"ఇది ఫ్యాక్టరీ పప్పు కాదు. ఇంటికాడ కాల్సిన పిక్క. ఎవులిత్తన్నారు మీకు?"

చెప్పాను. పిన్ని సంగతి, ఊరి సంగతి, జాకెట్ల సంగతి, మొత్తం. చెబుతున్నంతసేపూ వాళ్లందర్నీ అసహ్యించుకున్నాను, నా చేత చెప్పించుకుంటున్నందుకు. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టనందుకు కాస్త నొచ్చుకున్నానన్నది ఇంకా సిగ్గుచేటు. పలాస ఆవిడ రుమాలు మడుస్తూ, "మరైతే మేడమ్, పిన్నిగారి కోసం తింతన్నారా, కమ్మగుందని తింతన్నారా?" అంది. ఇన్నాళ్లూ నవ్వుల మనిషి అనుకున్నాను. కిటికీ వైపు చూశాను. ఆవిడే మళ్లీ అంది, "నానూ అంతే. కొత్త బస్తా ఇప్పితే రుచి సూడాల గదా అంతాను. రోజూ ఇప్పుతాను." రియల్ ఎస్టేటాయన ఫోన్ జేబులో పెట్టేసి, మెల్లగా, కూల్ డ్రింకు అన్నాడు.

"ఆవిడకి నిజం సెప్పీండి మేడమ్" అంది సిస్టరమ్మ. "లేపోతే మీరు ఆ డబ్బా ఒగ్గలేరు."

సులభంగా చెప్పింది. వెళ్లాల్సింది నేను. తర్వాతి సెలవుకు బస్సులో పలాసా, అక్కణ్ణుంచి ఆటోలో ఊరూ చేరాను. పిన్ని డబ్బా తెచ్చి ముందు పెట్టింది. చెయ్యి వేయకుండా చెప్పేశాను. కిడ్నీ కాదనీ, కడుపనీ, లావు తగ్గడానికనీ.

ఆవిడ డబ్బా మీదనుంచి చెయ్యి తీసింది.

"సిక్కడానికి కోరి కోయించుకున్నావేటే?"

"అవును పిన్నీ."

"నానిక్కడ ఊరికినే సిక్కిపోతన్నాను."

అని నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. సండే స్కూలు గదిలో కూర్చుని నేను అందర్నీ చూసే చూపది. నా మీద పడితే ఎంత చురుక్కుమంటుందో అప్పటిదాకా తెలియలేదు.

"మరి నీకు కిడ్నీ ఎప్పుడూ పోనేదా?"

"లేదు పిన్నీ. ఎప్పుడూ."

"అయితే పోయి లేసినోలు ఎవులూ లేరన్నమాట" అంది. ఏడవలేదు, గొంతు కూడా మారలేదు. సంతలో చేపల రేటు చెప్పినట్టు అంది. ఆవిడ దగ్గరున్న ఒక్క ఆశనూ నేనే పుట్టించి, నేనే లాగేసుకున్నాను.

పిన్ని డబ్బా తన వైపు లాక్కుని మూత బిగించింది. "అయితే నువ్వూ తినకూడదు, నానూ తినకూడదు" అంది. మళ్లీ తనే, "రేపు పలాసలో నన్నూ తూకమెడతారు. నీళ్లెక్కువ తాగితే బరువొత్తాది గదా, ఆ నర్సు పిల్ల ముల్లు సూపించి మరీ తిడతాది. నిన్నెవులూ తిట్టరేటి?" అని అడిగింది.

"తిట్టరు. చప్పట్లు కొడతారు."

"సీ" అంది పిన్ని.

అప్పట్నుంచి డయాలసిస్ ఉన్న రోజుల్లో, ఆ ఆసుపత్రి మంచం మీదనుంచే ఫోన్ చేస్తుంది. "తిన్నావేటి" అని అడగదు. "నోట్లో ఏటేసుకున్నావు?" అంటుంది. ఆవిడకు అబద్ధం చెప్పడం నా వల్ల కావడం లేదు. మిక్చరనో, బెల్లం ముక్కనో చెబుతాను. "కక్కుర్తి గుంటా" అని ఫోన్ పెట్టేస్తుంది. జాకెట్లు ఇంకా బిగుతుగానే ఉన్నాయి గానీ బ్లేడు తీయాల్సిన అవసరం రాలేదు. సండే స్కూలు గదికీ వెళ్తున్నాను. వాళ్లంటే నాకు ఇప్పటికీ పెద్ద గౌరవమేం లేదు. కాకపోతే వాళ్లలో ఒకదాన్నని ఒప్పుకుని కూర్చుంటున్నాను.

మొన్న పిన్ని ఫోన్ చేయాల్సిన వేళకు చేయలేదు. నేనే చేశాను. ఇంటి దగ్గరే ఉందట, ఆటో రావాల్సి ఉందట. మాట ముద్దగా వస్తోంది.

"పిన్నీ, నోట్లో ఏటేసుకున్నావు?"

అటునుంచి ఆటో హారన్ వినబడింది.

"ఒక్క బద్దే" అంది. "ఇంకా నమల్లేదు."

నా దగ్గర ఎన్నో మాటలున్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

"ఉమ్మీ పిన్నీ" అన్నాను. ఆవిడ ఉమ్మేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.