పొంగు మాత్రమే అడిగాడు బాపు

మా చిన్నప్పుడు... ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం, మొఘల్‌పురాలో మా గల్లీ మొదట్లో "ఫాల్సే... కాలే కాలే ఫాల్సే..." అని బండి అరుపు వినపడితే చాలు, నేను గిన్నె పట్టుకుని గడప బయట ఉండేదాన్ని.

ఫాల్సా తెలియనివాళ్లకు చెప్తాను... రేగుపండు కన్నా చిన్నది, ఊదా రంగు, పులుపులో కాస్త తీపి. చేతికంటితే రెండు రోజులు పోదు. సోమవారం బడిలో టీచరమ్మ నా వేళ్లు చూసి సిరా అనుకుని తిట్టేది!

బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. ఆరు రోజులు బస్తాల దుమ్ములో దగ్గి దగ్గి, ఏడో రోజు ఇంట్లో ఫాల్సా సోడా కలిపేవాడు. పద్ధతి అంతా ఆయనదే. పండ్లు మిక్సీలో వేయనిచ్చేవాడు కాదు... గింజ నలిగితే చేదొస్తుందట. చేత్తోనే పిసికి, పాత మల్లుపంచె ముక్కలో వడగట్టేవాడు. పుదీనా ఆకుల్ని అరచేతిలో పెట్టుకుని ఒక్కటంటే ఒక్క చప్పట కొట్టేవాడు. ఆ వాసనకు అమ్మ కూడా పని వదిలి వచ్చి కూర్చునేది.

రసం మీద గోలీసోడా పోసి, ఆఖర్న చిటికెడు నల్లుప్పు వేసేవాడు... అంతే, గ్లాసు బుసబుసా పొంగేది! "మూతి పెట్టు బిడ్డా, మూతి పెట్టు!" అని బాపు ఒకటే లొల్లి. నేను ముందుకు ఉరికి పొంగంతా పీల్చేసేదాన్ని. ముక్కులోకి గ్యాస్ ఎక్కి కళ్లమ్మట నీళ్లు కారేవి. గ్లాసులో వాటాలుండేవి గానీ, పొంగు మాత్రం ఎప్పుడూ నాదే.

నాకు పదకొండేళ్లప్పుడు బాపు కిడ్నీలు పాడయ్యాయి. కాళ్లు వాచిపోయాయి, పని మానేశాడు. రోజుకు ఇన్నే నీళ్లు అని డాక్టరు కట్టడి పెట్టాడు. పొద్దున్నే అమ్మ ఒక చిన్న సీసా నింపి మంచం పక్కన పెట్టేది. మందులు మింగడానికీ అవే, దాహానికీ అవే. పైన రేకులు, ఏప్రిల్ నెల ఎండ... ఎలా ఉండేవాడో, తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక ఎండుతుంది.

ఆ ఆదివారం అమ్మ మందుల కోసం వెళ్తూ నన్ను పక్కకు పిలిచింది. "నీళ్లడిగితే ఇయ్యకు. ఎంత బతిలాడినా ఇయ్యకు. నీ మీదనే ఇడిసిపెట్టి పోతున్న." నాకు మహా గర్వంగా అనిపించింది. బాపు మీద నాకు పెత్తనం దొరికింది మరి!

అమ్మ అటు వెళ్లిందో లేదో, ఫాల్సా బండి వచ్చింది. బాపు మంచం మీది నుంచే కిటికీలోంచి పిలిచి కొన్నాడు. "నువ్వే కలుపు బిడ్డా, నేను చెప్త. ఈ యేడు నువ్వు తాగనే లేదు గద."

నేను ఉరికి వెళ్లి సోడా సీసా తెచ్చాను. "గింజ పైలం... మెల్లగ పిసుకు" అంటూ ఒక్కొక్కటే చెప్పాడు. నా చప్పట సరిగ్గా మోగకపోతే నవ్వాడు. గోలీ కూడా మొదటిసారి నేనే కొట్టాను. నల్లుప్పు వేయబోతుంటే ఆపాడు.

"బిడ్డా... గా పొంగు నాకియ్యవా?"

"అమ్మ ఒద్దన్నది బాపూ."

"అమ్మ నీళ్లు ఒద్దన్నది. పొంగుల నీళ్లేడుంటయి? అంత గాలే గద. జర మూతికి తాకిస్తే చాలు."

"ఒద్దు బాపూ. డాక్టర్ గూడ ఒద్దన్నడు."

ఆయన పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను.

తర్వాత ఆయనే నవ్వాడు. "సరే, ఫికర్ చెయ్యకు. ఉప్పెయ్యి... మూతి పెట్టు బిడ్డా, మూతి పెట్టు."

ఉప్పు వేశాను. మూతి పెట్టాను. ఆయన ఎదురుగానే గ్లాసంతా గటగటా తాగేశాను. "ఎట్లుంది?" అన్నాడు. "మస్తుంది" అన్నాను. అమ్మ వచ్చాక, "ఒక్క చుక్క ఇయ్యలే" అని గొప్పగా చెప్పుకున్నాను కూడా. అమ్మ నా తల నిమిరింది.

వారం తిరక్కుండానే, ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలోనే బాపు పోయాడు. మా పక్కనే ఉన్న దబీర్‌పురా కూడా దాటలేదు.

ఈ మాట ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. నాకు కూతురు పుట్టాక ఒకరోజు అమ్మతో అనేశాను. 'నీ తప్పేం లేదు' అంటుందని ఆశ... అమ్మ చింతపండులో గింజలు తీస్తున్నదల్లా ఆగింది. "నన్ను గూడ అడిగిండు బిడ్డా... ముందు రోజు. ఒక్క సల్లటి బరఫ్ ముక్క నోట్లెయ్యమన్నడు. నేను గూడ ఇయ్యలే." మళ్లీ గింజలు తీసుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత మేమిద్దరం ఆ ఊసు ఎత్తలేదు.

మొన్న మా అమ్మాయి ఫోన్లో వీడియో చూసి మాక్‌టైల్ చేసింది. స్ట్రాబెర్రీలు, పుదీనా, డబ్బా సోడా... బాగానే చేసింది, వంక పెట్టను. గ్లాసు వంచి, అంచు వెంబడే మెల్లగా పోస్తోంది. "ఇట్ల పోస్తే పొంగదు మమ్మీ, పొంగితే అంత గలీజ్ అయితది" అని నాకే నేర్పింది.

ఏమనిపించిందో... లేచి నల్లుప్పు తెచ్చి చిటికెడు వేశాను. బుస్సున పొంగింది. "మమ్మీ!" అని అరిచింది. 'మూతి పెట్టు' అందామనుకునేలోపే పొంగంతా గట్టు మీదికి కారిపోయింది.

గుడ్డ పెట్టి తుడిచాను. గుడ్డ సరిగ్గా తడవను కూడా లేదు... బాపు చెప్పింది నిజమే.

ఫాల్సా బండి లేదు, గోలీ సీసాలు లేవు, మా చిన్నప్పటి ఆదివారాలూ లేవు. మీ ఇళ్లలో కూడా ఎవరైనా ఇలా కొంచెమే అడిగి ఉంటే... మీరు ఇచ్చి ఉంటే... కింద రాయండి. ఇచ్చినవాళ్ల మాటలు చదవాలని ఉంది నాకు.