మూత మీది స్టిక్కర్

పొలం కాగితాలు చూసుకోవడానికీ, సాయంత్రం ఓ సినిమా చూడ్డానికీ కంపెనీలు వాడి అమ్మేసిన పాత లాప్‌టాప్ చాలన్నాడు బందరు షాపతను. మా తోడల్లుడు అలాంటిదే కొన్నాడని తెలిసి, పంతంకొద్దీ నేను కొత్తది కొన్నాను.

గుడివాడలో మా అత్తగారింట్లో ఇద్దరం లాప్‌టాప్‌లు బయటికి తీశాం. అతని దాని మూత మీద ఏదో పెద్ద కంపెనీ అంటించిన నంబరు స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది. మావయ్యగారు దాన్ని వేలితో తడిమి, "ఆఫీసువాళ్ళిచ్చారా అల్లుడుగారూ?" అన్నారు మురిసిపోతూ. ఆ పెద్దమనిషి అవుననలేదు, కాదనలేదు. నవ్వాడంతే. తర్వాత మావయ్యగారు తళతళలాడే నా దాన్ని చూసి, "మీరు కొనుక్కున్నారా?" అన్నారు జాలిగా.

మర్నాడే బందరు షాపుకెళ్ళి అడిగాను: "ఏమండీ, స్టిక్కర్ పీకని పాతది ఉందా?"