చీటీలో రాసిన లోపాలు

ఆఫీసు పని మీద ఉత్తరాదిలోని ఒక పెద్ద నగరానికి వెళ్తూ నాయనను వెంట తీసుకెళ్లాను. ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. నేను నంద్యాలలో ఇంజనీరుని. ఆ నగరంలో ఒకే ఆవరణలో తొమ్మిది మ్యూజియంలున్నాయి, దేనికీ టికెట్ లేదు. పని ముగిసిన మర్నాటికి పట్టిక వేసుకున్నాను: ఒక్కోదానికి నలభై నిమిషాలు, భోజనానికి అరగంట.

నాయన మనసు అక్కడ లేదు. అవుకు దగ్గర ఒక ఊరి గుడికి చెక్కిన అమ్మవారి విగ్రహానికి, చివరి మెరుగులో, కుడిచేతి చిటికెనవేలు కొస విరిగింది. విరిగిన విగ్రహాన్ని గుడిలో నిలపరు. సోమవారం ఊరివాళ్లు దాన్ని తీసుకెళ్లడానికి బండి తెస్తారు. రెజిన్ జిగురులో రాతిపొడి కలిపి అతికిస్తే కంటికి తెలియదని చెప్పింది నేనే. వేరే రాతిముక్క మీద చేసి చూపించాను కూడా. నాయన ఆ ముక్కను తిప్పి చూసి పక్కన పెట్టాడు.

మొదటి భవనంలో శిల్పాల గది. నేను టైం చూసుకునేలోపే ఆయన ఒక నల్లరాతి విగ్రహం మోకాలిని వేలి కణుపుతో తట్టి చెవి ఆనించాడు. రాయి కొనేముందు ఆయన చేసే పని అదే. గంటలా మోగితే విగ్రహానికి, మొద్దుగా పలికితే మెట్లకు. కాపలా మనిషి పరుగున వచ్చి హిందీలో కేకలేశాడు.

"ఏమంటాండాడు?"

"ముట్టుకోగూడదంట నాయనా."

"కొనేదానికి రాలేదులే అని సెప్పు. రాయి మంచిదే."

నేను క్షమాపణ చెప్తుంటే ఆయన విగ్రహం చేతులు చూస్తున్నాడు. మోచేతుల కింద ఏమీ లేదు. పీఠం మీద వివరాల చీటీ అంటించి ఉంది.

"ఆ చీటీలో ఏం రాసినారు?"

తెలుగులో చెప్పాను. ఎత్తు, రాయి రకం, దొరికిన చోటు. చివరి వరుసలో: రెండు ముంజేతులు లేవు, ముక్కు దెబ్బతింది, ఎడమ చెవి తర్వాత అతికించినది.

"అతికిచ్చింది గూడా రాసినారా?"

"రాసినారు."

"మళ్లా సదువు."

చదివాను. పక్క విగ్రహం చీటీ, దాని పక్కదీ చదివించుకున్నాడు. కొలతలు రాసినంత మామూలుగా లోపాలూ రాశారు. ఆఫీసు రిపోర్టుల్లో అలాంటి లోపాల వరుసలు నేను రోజూ రాస్తాను. నాయన చెక్కిన విగ్రహం విషయానికి వచ్చేసరికి, నాకు దాచే ఉపాయమే తోచింది.

ఆయన అక్కడే బల్ల మీద కూర్చుని అమ్మవారి గుడి ఊరి పెద్దమనిషికి ఫోన్ చేశాడు.

"అన్నా, అమ్మవారి ఏలు ఇరిగింది. అతికిస్తే తెలీదంటాడు మావోడు. నాకు తెలుస్తాది గదా. సోమారం బండి తేవద్దు."

అవతలి గొంతు నాకూ వినిపించింది. "ముహూర్తం పెట్టుకున్యాం గదప్పా! ఊళ్లో ఏం సెప్పల్ల?"

"నా సేతిలోనే ఇరిగిందని సెప్పు. ఇంగో రాయి తెస్తా. మూన్నెల్లు పడ్తాది."



"ఈసారన్నా సూసుకోని సెక్కప్పా," అని అవతలాయన ఫోన్ పెట్టేశాడు.

నాయన ముఖం తుడుచుకుని, "ఈ పొద్దు రైలేమన్నా ఉందా?" అన్నాడు. మా టికెట్లు ఎల్లుండికి. పక్కనే కూర్చుని ఆ సాయంత్రం రైలుకు సీట్లు వెతికాను.