డేవిడ్ మాస్టారి వేళ్ళూ, నా కంప్యూటరూ

డేవిడ్ మాస్టారి గిటారు రికార్డు చేసిన సంగతి ఎత్తితే చాలు, మా ఆవిడ సుశీల ఇప్పటికీ నావైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకి కాగుతున్న పాలు విరుగుతాయి. చూడాల్సిందేనండీ, నేను చేసిన ఘనకార్యం అలాంటిది.

రెండువేలు దాటిన కొత్తల్లో మాట. బందరులో మా వీధి మొత్తానికి మొదటి కంప్యూటర్ నాది. నేను కాలేజీ మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. పాత రేడియోలు విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన మరల్ని డబ్బాలో దాచుకుని విద్య నేర్చుకున్నవాణ్ణి. అలాంటివాడికి కంప్యూటర్ దొరికితే ఏమవుతుంది? తలమీద కొమ్ములు మొలుస్తాయి. మొలిచాయి.

డేవిడ్ మాస్టారు నలభై ఏళ్ళు ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించిన మనిషి. అవనిగడ్డ నుంచి బస్సులో మా ఇంటికొచ్చారు. పోయిన భార్య కోసం ఏడు నిమిషాల పాట కట్టుకున్నారాయన. మాటల్లేవు, గిటారు ఒక్కటే.

"సోమవారం ఎడమచేతికి ఆపరేషనండీ. తర్వాత వేళ్ళు వంగుతాయో లేదో డాక్టరు గారికే తెలీదంట. ఈలోగా ఒక్కసారి దీన్ని పట్టి ఉంచండి బాబూ," అన్నారు.

"ఎంత పని మాస్టారూ! సీడీ చేసి చేతిలో పెడతాను," అన్నాను. కొమ్ముల సంగతి చెప్పాను కదా!

నాకు దగ్గు. అందుకని రికార్డింగు మొదలెట్టి, ఫ్యాను ఆపి, తలుపు మూసి, నేను వీధిలో నిలబడి సైకిలు బెల్లులు మోగకుండా కాపలా కాసేవాణ్ణి. తీరా వింటే, మొదటి అయిదు నిమిషాలూ తేనె. ఆ తర్వాత గిటారు, గోతుల రోడ్డుమీద బస్సులో కూర్చుని కబుర్లు చెప్పేవాడి గొంతులా ముక్కలు ముక్కలు.

మూడు రోజులు అదే వరస. మాస్టారు రావడం, వాయించడం, ముక్కలవడం.

"సుశీలా, మిక్సీ ఆపు!"

"మిక్సీ ముట్టి రెండు రోజులైందండీ. రోట్లో నూరి చస్తున్నాను."

"అయితే ఫ్రిజ్ ఆపు!"

ఆపింది. రొయ్యలు పాడయ్యాయి, గిటారు బాగుపడలేదు. కేబుల్ మార్చాను. స్టెబిలైజర్ మార్చాను. పక్కింటాయన మోటారు ఆపించాను. ఆయన ఒంటినిండా సబ్బు నురగతో గోడమీంచి తల పెట్టి, "ఇంకా ఎంతసేపండీ సంగీతం?" అని అడిగాడు.

ఆఖరికి నేనే ఒళ్ళో గిటారు పెట్టుకుని టుంగు టుంగుమనిపిస్తూ, మధ్యమధ్య మౌస్ కదిపి తెరమీద గీతలు చూసుకుంటూ పది నిమిషాలు రికార్డు చేశాను. ఒక్క ముక్క విరగలేదు! ఇంకేం, తీర్పు చెప్పేశాను.

"ఏమనుకోకండి మాస్టారూ. మిషను బంగారంలా ఉంది. అయిదు నిమిషాలయ్యేసరికి మీ చెయ్యే అలిసి ఆగిపోతోంది. మీకు తెలియట్లేదంతే."

మాస్టారు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "అయ్యుంటుంది లెండి," అని పెడన కలంకారీ గుడ్డతో కుట్టిన సంచిలోకి గిటారు సర్దడం మొదలెట్టారు.

సుశీల వంటింట్లోంచి బాణంలా వచ్చింది. "మీరు వీధిలో పెత్తనం చేస్తున్నారు. గోడవతల నేను విన్నాను. ఆయన చెయ్యి ఒక్కచోట ఆగితే ఒట్టు! అన్నయ్యగారూ, ఇంకొక్కసారి వాయించండి. ఏమండీ, మీరు లోపల కూర్చోండి." దగ్గు రాకుండా నా నోట్లో లవంగం కుక్కింది.

కూర్చున్నాను. అయిదు నిమిషాలయ్యాయి. వాయిస్తూ వాయిస్తూనే మాస్టారు తెరవైపు చూసి నవ్వారు.

"వచ్చాయండీ."

"ఏవి?"

"చేపలు. రోజూ ఈ టైముకే వస్తాయి."

తెరనిండా ఎర్రచేపలు, పచ్చచేపలు! అయిదు నిమిషాలు ఎవరూ మౌస్ ముట్టకపోతే తెరమీద ఈదడానికి ముచ్చటపడి నేనే పెట్టుకున్న స్క్రీన్ సేవర్. కంప్యూటర్ తనకున్న కాస్త ఓపికా వాటిని ఈదించడానికే ఖర్చుపెట్టి, పాటని మధ్యమధ్య మింగేస్తోంది. పోనీ నేను చూడలేదా? రోజూ తలుపు తీయగానే చూస్తున్నాను, ఈగల్ని తోలినట్టు మౌస్‌తో తోలేస్తున్నాను!

"మరి చెప్పరేం మాస్టారూ?"

"మీరే కావాలని పెట్టారనుకున్నాను. పాలకాయతిప్ప సముద్రం ఒడ్డున ఆవిడా నేనూ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చేపపిల్లలు చుట్టూ చేరేవి. ఈ పాట అక్కడిదేనండీ. ఈయనకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను."

నా నోట్లో లవంగం మండింది. "తప్పు నాదే మాస్టారూ," అని చేతులు జోడించి, చేపల్ని తీసేసి, మళ్ళీ మొదలెట్టాను. అయిదు నిమిషాలయ్యాయి. మాస్టారు అలవాటుగా తెరవైపు చూశారు. చేపలు లేవు. చెయ్యి ఆగింది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు. తర్వాత పాట పూర్తిచేశారు.

"ఇంకోసారి తీద్దామా?" అన్నాను.

"వద్దు బాబూ. ఉండనీండి."

ఆపరేషన్ తర్వాత ఆయన చిటికెన వేలు మళ్ళీ వంగలేదు. మిగిలింది ఆ ఒక్క రికార్డే.

మొన్నామధ్య దాన్ని విన్న మా అల్లుడనే మహానుభావుడు, "ఇక్కడ మీ మిషను ఆగింది మావయ్యగారూ. ఫోన్లో అతికించేస్తాను," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను! మిషను బంగారంలా ఉంది. అక్కడ ఆగింది మాస్టారి చెయ్యి!"

సుశీల ఆ చూపు చూడబోయి, మానుకుంది.

అందుచేత బందరు సముద్రం సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఈ జన్మలో ఇంకే మనిషి వేళ్ళనీ అనుమానించను, ముందుగా మౌస్ కదిపి చూస్తే తప్ప.