వదిన వెతికిన పొట్టి కిటికీ

సెలవులకి సముద్రం దగ్గరికి వెళ్తూ ఎవరైనా టోపీ పెట్టుకుంటారు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటారు. మా వదిన కొలతల టేపు పెట్టుకుంది. చేతిసంచీలో, తలనొప్పి మాత్రల పక్కన, చక్కగా చుట్ట చుట్టి.

"ఎందుకు వదినా అది? సముద్రానికి చొక్కా కుడతావా?" అన్నాను.

"ముందు నీ నోటికి కుట్టాలి, రెండు వరసలు" అంది.

మా అన్నయ్యకి అసలీ ప్రయాణమే ఇష్టం లేదు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. సెలవంటూ దొరికితే కాళ్ళు చాపుకుని పడుకోవాలంటాడు. వాళ్ళమ్మాయికి, అంటే మా మేనకోడలికి, ఒకటే హుషారు. పళ్ళ డాక్టరు గది బయట కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు పిలిచే నాకూ కాస్త గాలి మార్పు కావాల్సిందే. కానీ అందర్నీ కదిలించింది మేమెవరమూ కాదు, వదినే. నోరు తెరిచి తనకోసం ఏదీ అడగని మనిషి, "వెళ్తే ఆ ఊరికే వెళ్దాం, దిగితే ఆ హోటల్లోనే దిగుదాం" అని భీష్మించుకు కూర్చుంది.

కారణం మా అందరికీ తెలుసు. వదిన కర్టెన్లు కుడుతుంది. మార్కెట్ వెనక సందులో, ఇనపసామాన్ల కొట్టు పైన ఒక పొడుగాటి హాలు. వరసగా కుట్టుమిషన్లు, నేలంతా దారప్పోగులు, గాలంతా కొత్తగుడ్డ వాసన. ఆ సముద్రపు నగరంలో ఉన్న ఒక పెద్ద హోటల్‌కి ఏళ్ళ తరబడి కర్టెన్లు పంపేది వీళ్ళే. ఆ హాలు ఓనరు కొలతలు చెప్తాడు. వీళ్ళు కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టెల్లో సర్దుతారు. లారీ వచ్చి పట్టుకుపోతుంది. అవి ఏ కిటికీకి వేలాడతాయో, ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో వదినకి తెలీదు. ముఖం చూడని మనిషికి ఏళ్ళకేళ్ళు చొక్కాలు కుట్టినట్టన్నమాట.

ఆ కొలతల్లో ఒకటి వదిన బుర్రలో తిష్టవేసింది. కిటికీలన్నీ ఒకే సైజు, నేల నుంచి పైదాకా. ప్రతి ఆర్డరులోనూ చివర్న మాత్రం కొన్ని చిన్నవి ఉండేవి. పొడుగు తక్కువ, వెడల్పూ తక్కువ. వాటికి వదిన పెట్టిన పేరు పొట్టి కిటికీ. అంత పెద్ద హోటల్లో అంత చిన్న కిటికీ ఎందుకుంటుంది? అన్నం తింటున్నా, బట్టలు మడతపెడుతున్నా మా ఇంట్లో ఇదే చర్చ. స్నానాలగది అయ్యుంటుందని అన్నయ్య. మెట్ల మలుపు దగ్గర అని మేనకోడలు. నాకైతే విసుగొచ్చి, పొట్టివాళ్ళ కోసం కట్టిన గదేమోనన్నాను.

"కాదు. మంచం తల దగ్గర కిటికీ అది. పడుకున్నవాళ్ళు లేవకుండానే సముద్రం చూడ్డానికి" అనేది వదిన. చూసొచ్చినట్టే చెప్పేది. "అందుకే ఎండ సరిగ్గా మొహం మీద పడుతుంది పాపం."

ఆ 'పాపం' ఎంత దూరం వెళ్ళిందంటే, ఓనరు అడక్కపోయినా పొట్టి కర్టెన్లకి తనే వెనకాల మందపాటి లైనింగ్ వేసి కుట్టడం మొదలుపెట్టింది. మిగిలిన ముక్కలు ఏరుకుని, అందరూ కాఫీకి లేచిన వేళ కూర్చుని కుట్టేది. ఎవరో తెలియని వాళ్ళ నిద్ర కోసం నీకెందుకీ పాటు అంటే నవ్వేది.

ఊళ్ళో దిగగానే మాకు మతులు పోయాయి. రంగురంగుల బల్బులు, ఆకాశమంత ఎత్తున తిరిగే చక్రం, వీధికో పాట, చేతిలో ఐస్‌క్రీం కారిపోతున్నా పట్టించుకోని జనం. ఒకడు కాళ్ళకి కర్రలు కట్టుకుని మా తలల మీదుగా నడిచిపోయాడు. మేనకోడలు ఫొటోలు తీస్తూ ఎవరెవరికో తగిలి సారీలు చెప్పుకుంటూ నడుస్తోంది. అన్నయ్య కూడా, అంతసేపు సణిగిన మనిషి, గాలిపటాలమ్మేవాడి దగ్గర ఆగిపోయాడు. వదిన మాత్రం తల పైకెత్తి భవనాల కిటికీలు చూస్తూ నడిచింది. సముద్రం వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

హోటల్ గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా కర్టెన్ అంచు తిరగేసింది. "ఇది నాదే! చివర్న ముడి చూడు, ఇలా అడ్డంగా వేసేది నేనొక్కదాన్నే." ఆ సంబరం చూసి నాకూ ముచ్చటేసింది. మంచమెక్కి టేపుతో కిటికీ కొలిచి, "సరిపోయింది, వేలెడు కూడా తేడా లేదు" అంది. అన్నయ్య, "మీటరు రీడింగు నేను తీస్తే చాలదా, నువ్వు కూడానా?" అన్నాడు. అంతా నవ్వాం.

మర్నాడు పొద్దున్నే అసలు వేట మొదలైంది. మా అంతస్తు కారిడార్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచాం. తర్వాత బయటికి వెళ్ళి, మెడలు పట్టేసేలా హోటల్ ముందువైపంతా చూశాం. అన్నీ పెద్ద కిటికీలే. పక్కవైపు పెద్దవే. వెనకవైపు, వంటగది పొగగొట్టాలూ చెత్తడబ్బాలూ ఉన్న చోట కూడా అవే. పొట్టి కిటికీ అన్నది ఎక్కడా లేదు. కాపలా అతను దగ్గరికొచ్చి, "ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగాడు.

"కిటికీ పోయింది" అన్నాను నేను.

వదిన నవ్వలేదు. అప్పుడు చూశాను ఆమె మొహం, వాడిపోయి ఉంది. "మరి నేను కుట్టినవన్నీ ఎటు పోతున్నాయి?" అంది మెల్లిగా. "కొలత తప్పని పక్కన పడేశారేమో. నేల తుడిచే గుడ్డలు చేశారేమో." అన్నయ్య ఓపిక పట్టలేక, "సెలవుకొచ్చామా, పంచాయితీకొచ్చామా? వచ్చిందగ్గర్నుంచీ ఒకటే కిటికీల గోల!" అని మేనకోడల్ని తీసుకుని బీచ్‌కి వెళ్ళిపోయాడు. నేనూ వెళ్ళిపోయేదాన్నే. కానీ వదిలెయ్యబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే, ఆ కిటికీ సంగతేమిటో తేలకపోతే నాకూ తిన్నది అరిగేలా లేదు.

మధ్యాహ్నం గదులు శుభ్రం చేసే ఆవిడ దుప్పట్ల బండి తోసుకుంటూ మా గదికొచ్చింది. నడివయసు మనిషి, చేతులు సబ్బునీళ్ళకి నాని తెల్లబడ్డాయి. వదిన సంకోచం లేకుండా అడిగేసింది. "ఏమ్మా, ఇంతే ఉంటుంది, వెనకాల మందంగా లైనింగ్ వేసుంటుంది. అలాంటి కర్టెన్ ఎక్కడైనా చూశారా?"

"ఓ, ఆ బరువు కర్టెనా! ఉతకడానికి తీస్తే చేతులు పడిపోతాయమ్మా. ప్రతి అంతస్తులోనూ ఒకటుంది. మీకెలా తెలుసు?"

"కుట్టింది నేనే."

ఆవిడ ముక్కున వేలేసుకుంది. తర్వాత, ఈ అంతస్తులో ఆ కర్టెన్ ఉన్న గది ఇప్పుడు ఖాళీగానే ఉంది రమ్మని మమ్మల్ని కారిడార్‌లో లిఫ్టు దాటి తీసుకెళ్ళింది. పొద్దున మేం ఆ తలుపు ముందునుంచే వెళ్ళాం, సామాన్లగది అనుకుని.

చిన్న గది. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి బట్టలు తగిలించుకునే కొక్కెం. మంచం తల పక్కనే, వదిన చెప్పినట్టే, కర్టెన్ వేలాడుతోంది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పానా? మంచం తల దగ్గరే!" ఆ గొంతులో ఎంత సంతోషమో! చేత్తో ఒకసారి కుట్టు తడిమి, ఆ తర్వాత కర్టెన్ పక్కకి లాగింది.

గోడ.

సున్నం వేసిన మామూలు గోడ. వదిన అరచేయి పెట్టి చూసింది, ఎక్కడో పలక తెరుచుకుంటుందేమోనన్నట్టు.

"కిటికీ లేదమ్మా" అంది ఆవిడ, తప్పు తనదైనట్టు గొంతు తగ్గించి. "లిఫ్టుకీ సామాన్లగదికీ మధ్య ఇరికించి కట్టిన గదులివి. నాలుగు గోడలూ చూస్తే ఊపిరాడటం లేదని దిగినవాళ్ళు గొడవచేసేవాళ్ళట. అందుకని కర్టెన్ తగిలించారు. కిటికీ ఉన్నట్టుంటుంది కదా."

"తీసి చూడరా ఎవరూ?"

"కొందరు చూస్తారు, తిట్టుకుంటారు. చాలామంది చూడనే చూడరు. పగలంతా బయట తిరిగి అలిసిపోయి వస్తారు, పొద్దున్నే వెళ్ళిపోతారు. మొదట్లో పలచటి గుడ్డ ఉండేది. తెల్లారినా వెలుగు రాకపోతే అనుమానం వచ్చేది. ఈ మందంవి వచ్చినప్పట్నుంచీ ఆ గొడవే లేదు. గుడ్డ మందానికే ఎండ ఆగిపోయిందనుకుంటారు." ఆవిడ కాస్త నవ్వింది. "నిన్నటిదాకా ఒక పెద్దాయన ఉన్నారు. వెళ్తూ వెళ్తూ, 'మొహం మీద ఎండ పడనే లేదు, మంచి కర్టెన్' అన్నారు."

నాకు నవ్వు ఆగలేదు. వదినా నవ్వింది, నాకంటే గట్టిగా. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఎండ తగలకూడదని జాలిపడి కుట్టిన లైనింగే, కిటికీ ఉందని అందర్నీ నమ్మించింది.

కళ్ళు తుడుచుకుని వదిన అక్కణ్ణుంచే ఓనరుకి ఫోన్ చేసింది. పక్కన నిలబడ్డ నాకు అవతలి మాటలూ వినిపిస్తున్నాయి.

"ఆ పొట్టి కిటికీలు గోడలండీ" అంది.

"తెలుసమ్మా" అన్నాడాయన తాపీగా.

"తెలిసీ నాకు చెప్పలేదా? నేను లైనింగ్ వెయ్యడం రోజూ చూస్తూనే ఉన్నారు కదా."

"అంత ఇష్టంగా కుడుతున్నావు, చెప్తే బాధపడతావని ఊరుకున్నాను. పైగా హోటల్‌వాళ్ళకి అవి తెగ నచ్చాయి. ఈసారి కూడా అలాగే వెయ్యమన్నారు, ఎన్నడూ లేంది వాళ్ళంతట వాళ్ళే అడిగారు. నీకు మంచి పేరొచ్చింది."

ఏళ్ళ తరబడి ఆయన ముందు 'అలాగేనండి' తప్ప ఇంకో మాట అనని మనిషి మా వదిన. ఇప్పుడూ గొంతు పెంచలేదు. "ముందు కిటికీ పెట్టించమనండి. అప్పుడు కుడతాను" అని ఫోన్ పెట్టేసింది. ఆ పని పోతే ఇంకో చోట దొరకడం ఎంత కష్టమో మా ఇద్దరికీ తెలుసు. వద్దని నేను అనలేదు. ఆ క్షణాన వదిన నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

గదులు శుభ్రం చేసే ఆవిడకి దణ్ణం పెట్టి, "నీళ్ళలో బరువు మోయించాను, ఏమనుకోకమ్మా" అని చెప్పి బయటికి నడిచింది. ఆవిడ బండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇద్దరం రోడ్డు దాటి ఇసకలోకి దిగాం. చక్రం తిరుగుతోంది, పాటలు మోగుతున్నాయి, అన్నయ్య గాలిపటం దారం పట్టుకుని చిన్నపిల్లాడిలా పరిగెడుతున్నాడు. మమ్మల్ని చూసి మేనకోడలు చెయ్యూపింది. వదిన నీళ్ళకి కాస్త ఇవతలే ఆగిపోయింది. వచ్చాక మొదటిసారి సముద్రాన్ని చూసింది. ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ చివర్నుంచి ఈ చివరికి మెల్లిగా తల తిప్పుతూ చూసింది. ఇంత పెద్దదని అనుకోలేదని ఆ కళ్ళే చెప్తున్నాయి.

అన్నయ్య రొప్పుతూ దగ్గరికొచ్చి, "ఎలా ఉందే?" అని అడిగాడు.

వదిన వెనక్కి తిరిగి హోటల్ వైపు చూసింది. మళ్ళీ నీళ్ళ వైపు చూసింది. ఎప్పుడూ కోపం ఎరగని ఆ మొహం ఎర్రబడింది.

"ఎదురుగా ఇంత పెట్టుకుని, ఆ మనుషులకి గోడ ఇచ్చారండీ" అంది.

అన్నయ్యకి ఏమీ అర్థం కాలేదు. చేతిలో దారం పట్టుకుని నా వైపు చూశాడు.